ఐదో అట్ట

కొలత అట్టే కుంచించుకుపోయి ఉంటుంది. అంతకు మించి నాకేమీ తోచలేదు. చెమ్మకి ఉబ్బే అట్టలుంటాయి, ఎండకి ముడుచుకునేవీ ఉంటాయేమో. ముప్పై ఏళ్ళుగా మేకుకి వేలాడుతున్న అట్ట, వయసు మీద పడ్డ మనిషిలాగే మెల్లగా లోపలికి తగ్గిపోతుందేమో. మనసు నేరం మోపాల్సి వస్తే ముందు ప్రాణం లేని వస్తువునే వెతుక్కుంటుంది. ఆ వేసవి చివర్లో, తిరిగొచ్చిన మూటల మధ్య నిలబడి, బట్టలు కత్తిరించడానికి మా నాన్న కోసిన అట్టని నేను అనుమానించాను.

మూటలు కొండబడి నుంచి వచ్చాయి. ఊరికి ఎగువన, గేటు దగ్గర పూలకుండీలున్న పెద్ద స్కూలుకి మేం పెట్టుకున్న పేరది. దిగువన రైలుపట్టాల పక్కనున్నది రేకులబడి. రేకులబడి పిల్లల బట్టలు నాన్న కాలం నుంచీ మా కొట్టువే. కొండబడి యూనిఫారాలు మాత్రం ఆ ఏడే మొదటిసారి మాకు దక్కాయి. దక్కించుకోవడానికి అన్నయ్య నాలుగు నెలలు ఆ కొండ ఎక్కి దిగాడు.

మూటల వెనకే సూపర్‌వైజరమ్మ వచ్చింది. కొట్టులోకి రాకుండా గుమ్మంలోనే నిలబడి, ఒక గౌనుని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

"మాస్టారూ, ఇవి ఐదో తరగతివేనా?"

"ఐదో తరగతివేనమ్మా" అన్నాడు అన్నయ్య.

"మా మూడో తరగతి పిల్లలకి చక్కగా సరిపోతున్నాయి. ఐదోవాళ్ళకి గుండీలే కలవట్లేదు. బట్టలివ్వడానికి పిలిపించినప్పుడు ఒక పిల్ల గట్టిగా ఊపిరి తీసుకుంటే గుండీ ఎగిరి టీచర్ కళ్ళజోడుకి తగిలింది."

"ఒకసారి ఉతికారేమోనమ్మా? బట్ట ముడుచుకుని..."

"ఉతకాలంటే ముందు తొడగాలి కదా మాస్టారూ!"

మెషీన్ మీదున్న వదిన ఫక్కున నవ్వబోయి, దారం కొరుకుతున్నట్టు తల వంచేసుకుంది. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. సూపర్‌వైజరమ్మ కోప్పడలేదు. స్కూలు తెరిచేలోపు అన్నీ మార్చి ఇమ్మంది. పిల్లల్ని మళ్ళీ పిలిపిస్తానని, ఈసారి మాత్రం పైకి వచ్చి ఒక్కో పిల్లనీ కొలుచుకు వెళ్ళమంది. వెళ్తూ వెళ్తూ, "మీ పాప సీటు సంగతి కూడా అప్పుడే చూద్దాం లెండి" అంది మెత్తగా. ఆ మెత్తదనమే కొట్టంతా పరుచుకుని ఉండిపోయింది. అన్నయ్యకి ఆ సీజనంటే యూనిఫారాలు కాదు. వాళ్ళ పాప పిచ్చుక, రేకులబడి వదిలి ఐదో తరగతికి కొండ ఎక్కాలి. సగం ఫీజుకి సీటు ఇస్తామన్నారు. మిగతా సగమే మాకు కొండంత.

"కొలుచుకోవడమా!" అన్నాడు అన్నయ్య, ఆవిడ వెళ్ళాక. "మన కొట్టులో పిల్లల్ని కొలవడమా!"

అతని బాధ నాకు తెలుసు. మా బోర్డు మీద నాన్న రాయించిన మాట ఇంకా చెరిగిపోలేదు: 'పిల్లల్ని తీసుకురానక్కర్లేదు. తరగతి చెబితే చాలు.' అప్పట్లో ఊరికంతా ఒకటే బడి, ఇప్పుడు రేకులబడి అంటున్నామే, అదే. నాన్న ఒకరోజు అక్కడికి వెళ్ళి, తరగతికొక వరస చొప్పున పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టించాడు. "ముందువాడొద్దు, చివరివాడొద్దు. నడిమివాణ్ణి పిలవండి" అన్నాడట. ఆ నడిమి పిల్లని కొలిచి, తరగతికొక అట్ట కోసి, కొట్టులో మేకులకి వేలాడదీశాడు. ఐదో తరగతి వరసలో నడుమ దొరికింది నేనే. నాకు ఒకపక్క మిల్లు మేనేజరు కొడుకు, ఇంకోపక్క మూటలు మోసేవాడి కొడుకు. మా ముగ్గురికీ మధ్య తేడా బొటనవేలంత. ఐదో అట్ట మూలన నీలం పెన్సిలుతో నాన్న రాత ఇప్పటికీ ఉంది: 'చిన్నోడు. ఛాతీ 26.'

దాని మీద ఆయన రెండంగుళాలు కలిపి కోశాడు. అది ఆయన నియమం. "పిల్లల కొలత ఉన్నది చెప్పకూడదురా. రాబోయేది చెప్పాలి. పెరగరనుకుని కుడితే పాపం" అనేవాడు. కలపడం మాకు ఎంత అలవాటైందంటే, పిల్లల్ని చూస్తే మా కళ్ళే రెండంగుళాలు కలిపేసుకుంటాయి.

అన్నయ్య మేకు మీంచి ఐదో అట్ట తీసి కటింగ్ బల్ల మీద పెట్టాడు. బల్ల అంచు పొడుగునా అంగుళానికొక ఇత్తడి మేకు కొట్టి ఉంటుంది. ఇద్దరం వంగి చూశాం. అట్ట గింజంతైనా కుంచించుకోలేదు.

"అయితే పిల్లలే పెరిగారు" అన్నాడు అన్నయ్య, నడుం నిటారు చేసి. "తిండి బలుపు. కొండ మీద ఏం చేస్తారు, కూచుని మేస్తారు."

"అవునవును, ఊరిపోయారు" అన్నాను నేను. నవ్వాం కూడా. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే, అట్టని వదిలి నా అనుమానం ఎంత హాయిగా పరాయి పిల్లల మీదికి జరిగిపోయిందో అని ఆశ్చర్యం వేస్తుంది. ఇంటికి తప్ప ఊళ్ళో అన్ని గుమ్మాలకీ వెళ్తుందది.

"రేకులబడివాళ్ళే నయం" అన్నాడు అన్నయ్య. "ఒక్క కంప్లైంట్ ఉందా, ఏ రోజైనా?"

మర్నాడు ఆ రేకులబడికే నేను వెళ్ళాను, కాజాలు ఆలస్యమై మిగిలిపోయిన చొక్కాల మూట ఇచ్చి రావడానికి. మామూలుగా వాళ్ళ ప్యూనే వచ్చి పట్టుకెళ్తాడు. ఆ గుమ్మంలో అడుగు పెట్టి నాకే ఎన్నేళ్ళయిందో. మనిషికి పని దొరికితే లోకాన్ని గుడ్డలోంచే చూస్తాడు. నేను కటింగ్ బల్లకీ, కొట్టు వెనకున్న నా గదికీ మధ్యే బతికాను.

సెలవులైనా పిల్లల్ని పిలిపించి, వరండాలో టీచరమ్మ బట్టలు పంచుతోంది. తీసుకున్న పిల్లలు అక్కడే తొడుక్కుని ఒకరినొకరు చూసుకుని మురిసిపోతున్నారు. ఐదారుగురు ఆడపిల్లలు ఒక మూల నిలబడి ఉన్నారు. గౌన్లు చీలమండల దాకా వచ్చాయి. ఒక పిల్ల మెడ దగ్గర జారిపోకుండా పిన్నీసు పెట్టుకుంది. ఇంకో పిల్ల నడుముకి పురికొస చుట్టుకుంది.

"టీచరమ్మా, మూటలు తారుమారైనట్టున్నాయి" అన్నాను కంగారుగా. "మూడో తరగతివాళ్ళకి ఐదోవి ఇచ్చేశారు."

"లేదే! వీళ్ళు ఐదో తరగతే" అంది ఆవిడ, పిన్నీసు పిల్ల వైపు తిరిగి. "ఏమ్మా, చెప్పు మాస్టారికి. ఏ తరగతి?"

ఆ పిల్ల సిగ్గుపడి, నోటితో చెప్పకుండా, అయిదు వేళ్ళూ చూపిద్దామని చెయ్యి పైకెత్తింది. వేళ్ళు కనపడలేదు. పైకి లేచింది గౌను చెయ్యే.

పిల్లలంతా గొల్లుమన్నారు. ఆ పిల్లా నవ్వింది. టీచరమ్మ కూడా నవ్వుతూనే ఆ చేతిని మూడు మడతలు పెట్టింది. నేను మూట ఇంకా చంకలోనే పెట్టుకుని నిలబడిపోయాను.

"వదులుగా ఉన్నాయని... ఎవరూ చెప్పలేదే?"

"ఎందుకు చెబుతారండీ? రెండేళ్ళు వస్తాయని వాళ్ళమ్మలు సంబరపడుతుంటే! నేను ఈ బడికొచ్చిన కొత్తలో మీ నాన్నగారి బట్టలు ఒంటికి అతికినట్టుండేవి. తరవాత్తరవాత ఏడాదికి కాస్త వదులవుతూ వచ్చాయి. మీ చెయ్యి ధారాళం, గుడ్డ దండిగా వేస్తున్నారనుకున్నాను." ఆవిడ గొంతులో నిజంగా కృతజ్ఞత ఉంది. "ఈ రోజుల్లో అలా ఎవరిస్తారు చెప్పండి?"

మూట ఆవిడ చేతికిచ్చేశాను. బయటికొచ్చి పట్టాల పక్కన నడిచాను. ముప్పై ఏళ్ళు మేం ఒక్క దారప్పోగు ఎక్కువ వెయ్యలేదు. అట్ట మారలేదు, కత్తెర మారలేదు. ఆ గౌన్లలో మిగిలిన గుడ్డంతా పిల్లల్లో లేకుండాపోయినదే. అక్కడ పైన ఐదో తరగతికి ఐదో అట్ట చాలట్లేదు, ఏడోది కావాలి. ఇక్కడ కింద మూడోదే సరిపోతుంది. మిల్లు మేనేజరు కొడుకుకీ మూటలవాడి కొడుకుకీ నడుమ నాన్న పట్టుకున్న ఆ ఒక్క కొలత, ఊళ్ళో ఎవరికీ సరిపోని కొలత అయిపోయింది. నడుమ నిలబడమంటే నిలబడేందుకు పిల్ల లేదు.

ఆ మాట పూర్తిగా అనుకున్నానో లేదో, నా మనసు చటుక్కున దాన్ని కాదనేసింది. ఎందుకు లేదు, ఉంది. పిచ్చుక ఉంది.

అవును, మా పిచ్చుక. పదేళ్ళది, ఐదో తరగతిలోకి వస్తోంది. మేం ఉన్నవాళ్ళం కాదు, లేనివాళ్ళమూ కాదు. "మనది నడిమి ఇల్లురా, ఎవడి ముందూ చెయ్యి చాపం, ఎవడి ముందూ మీసం తిప్పం" అని నాన్న చెప్పిన మాట మా ఇంట్లో నాలుగు గోడలతో పాటు అయిదో గోడ. ఆ గోడకి వీపు ఆనించుకున్నాక నాకు ఊపిరి తిరిగింది. ఐదో అట్టకి ఊళ్ళో ఇంకా ఒక పిల్ల మిగిలే ఉంది. ఆ ధైర్యంతో గబగబా ఇంటికి నడిచాను.

కొట్టు వెనకే మా ఇల్లు. పిచ్చుక గుమ్మంలో కూచుని గుడ్డముక్కలతో బొమ్మకి దుప్పటి కడుతోంది. కొండబడికని వదిన దానికి కుట్టిన ముదురాకుపచ్చ గౌను దండెం మీద వేలాడుతోంది. ఐదో అట్టతో నేను కోసిందే.

"ఒకసారి వేసుకు చూపించవే."

"ఇప్పుడా బాబాయ్? మాసిపోతే అమ్మ చంపేస్తుంది."

"నేను అడ్డుపడతాలే. వెయ్యి."

వేసుకుంది. భుజాలు భుజాల మీద కూచున్నాయి. నడుము నడుము దగ్గరే ఉంది. అంచు మోకాలి కింద, ఎక్కడుండాలో అక్కడ. గిర్రున ఒక చుట్టు తిరిగి, "టీచర్‌లా ఉన్నానా?" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. "అచ్చు హెడ్‌మాస్టరమ్మవే" అన్నాను. చూశావా, అనుకున్నాను ఎవరితోనో.

పిచ్చుక ఆత్రం పిల్ల. గుండీలన్నీ విప్పదు. రెండు తీసి గౌనుని అలాగే తల మీంచి లాగేసి, నా చేతుల్లో పడేసి బొమ్మ దగ్గరికి పరుగెత్తింది. గౌను లోపలి వైపు పైకి తిరిగి నా చేతుల్లో ఉంది.

రెండు పక్కలా, చంక నుంచి నడుం దాకా, గుడ్డ లోపలికి మడిచి కుట్టి ఉంది. ఒక మడత కాదు. మడత మీద మడత. భుజం కుట్టులో ఇంకో మడత. అంచు లోపల నాలుగు వేళ్ళ గుడ్డ చుట్టి ఉంది. బయటికి ఒక్క కుట్టూ కనపడదు, అంత సన్నటి చేతిపని. నేను కోసిన గౌను లోపల మూడోవంతు గుడ్డ దాక్కుని ఉంది.

"చూసేశావా" అంది వెనక నుంచి వదిన. కాజా సూది చేతిలోనే ఉంది.

"ఎప్పట్నుంచి వదినా?"

"ఒకటో తరగతి నుంచీ. అప్పుడు ఒక్క మడతే."

"అన్నయ్యకి తెలుసా?"

"మీ అన్నయ్య బయటి కుట్టు చూసి భేష్ అంటారు. లోపల ఎప్పుడు చూశారు గనక?"

ఏదో ఒక సాకు పట్టుకోవాలి. "సన్నపు ఒళ్ళేమో. నీ పోలిక..."

"నన్ను లాగకు మరిదీ!" అంది వదిన, గొంతు లేవకుండానే. "నా పెళ్ళి జాకెట్టు కోసింది మీ నాన్నగారే. పెట్టెలో ఉంది, తీసి కొలుచుకో. ఈ వయసులో ఆడపిల్ల మగపిల్లాడి కన్నా ఒక పిసరు ముందుంటుందని నువ్వేగా చెప్తావు కొట్టులో? ఆ అట్ట మీదున్నది నువ్వు. అదే ఇల్లు, అదే రక్తం. మరి నీ కన్నా నా కూతురు ఇంత చిన్నదెందుకైంది?"

వదిన సూదిని పైటకి గుచ్చుకుని వంటింట్లోకి వెళ్ళి, పై అర మీంచి నాలుగు స్టీలు గ్లాసులు తెచ్చింది. ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి గట్టు మీద వరసగా పెట్టింది. పెద్దది, దాని కన్నా చిన్నది, ఇంకా చిన్నది, చివరిది నా పిడికిలంత.

"ఇది దానికి పాలు మొదలెట్టినప్పటిది" అంది మొదటిదాన్ని ముట్టుకుని. "కొట్టు అద్దె పెంచిన ఏడు ఇది తీశాను. కరెంటు మోటారు మెషీన్లు కొన్నప్పుడు ఇది. ఇది, కొండబడి పని కోసం గుడ్డకి ముందే డబ్బు కట్టాం చూడు, అప్పుడు. దానికెప్పుడూ నిండు గ్లాసే ఇచ్చాను మరిదీ. గ్లాసు నిండా తాగావా అని మీ అన్నయ్య అడుగుతారు. తాగానంటుంది. అదీ అబద్ధం చెప్పట్లేదు, నేనూ చెప్పట్లేదు."

పిల్లలందరిలో చిన్నగా, ముద్దుగా కనపడేదని దానికి పిచ్చుక అని పేరు పెట్టింది నేనే. పెట్టినప్పుడు అందరం నవ్వాం. ఆ గ్లాసుల ముందు నిలబడి ఆ పేరు లోపల్లోపలే ఒకసారి పలికి చూశాను. ఇంకెవరో పెట్టిన పేరులా వినపడింది.

సాయంత్రం అన్నయ్య కొత్త గుడ్డ తాన్లు దింపించుకుని, చెమటతో, హుషారుగా వచ్చాడు. దారంతా ఆలోచించుకుని ఉపాయం పట్టుకొచ్చాడు.

"ఒరేయ్ చిన్నోడా, ఇకనుంచి రెండు జతల అట్టలు. కొండబడికి వేరు, రేకులబడికి వేరు. పైకి ఏడోదాన్ని ఐదు అని రాద్దాం, కిందికి మూడోదాన్ని ఐదు అని రాద్దాం. కింద గుడ్డ మిగులుతుంది, ఆ మిగిలింది పైకి వేద్దాం. ఎలా ఉంది?"

"మరి ఈ ఐదోది?"

"ఏ ఐదోది?"

"నాన్నది."

అన్నయ్య మేకు వైపు చూసి, భుజాలెగరేశాడు. "దాన్ని ఏం చేసుకుంటాం? గోడకి అందంగానే ఉందిగా, ఉండనీ." తరవాత వదిన వైపు తిరిగాడు. "ఇదిగో, గుడ్డ మళ్ళీ కొనాల్సొచ్చింది. ఫీజు కూడా ఉంది. రెండు నెలలు ఇంట్లో ఇంకాస్త బిగించుకుందాం. పిల్ల కొండెక్కేస్తే మనం గట్టెక్కినట్టే."

"ఎక్కడ బిగించాలో చూపించండి" అంది వదిన, మెషీన్ మీంచి తల ఎత్తకుండా. "కుట్టేస్తాను."

అన్నయ్య అది హాస్యమనుకుని నవ్వాడు. చెడ్డవాడు కాదు. పిల్లంటే ప్రాణం. ప్రాణంగా చూసుకునేదాన్ని తేరిపార చూడటం కష్టం. నేను మాత్రం చూశానా? రోజూ నా బల్ల కింద ఆడుకునే పిల్ల అది. చూసిన ప్రతిసారీ నా కళ్ళు రెండంగుళాలు కలుపుకునే చూశాయి.

మర్నాడు పొద్దున్నే కొండబడికి బయల్దేరాలి. అన్నయ్య స్నానం చేసి, కొత్త కాగితం, చెక్కిన పెన్సిలు పట్టుకుని బల్ల ముందు కూచున్నాడు. నా మెడలో టేపు ఉంది. పిల్లల కోసం అది మెడలో పడటం అదే మొదలు.

"పిల్లల కొలతకి మనకి చెయ్యి తిరగలేదు. ఇక్కడ ఒకసారి చూసుకుని వెళ్దాం" అన్నాడు అన్నయ్య. "పిచ్చుకా, రావే! నీతోనే మొదలెడదాం. కొండబడిలో మొదటి కొలత మన పిల్లదే."

పిచ్చుక పరుగెత్తుకొచ్చి బల్ల ముందు సైనికుడిలా నిలబడింది. వదిన మెషీన్ నడుస్తూనే ఉంది.

నేను మోకాళ్ళ మీద కూచున్నాను. "చేతులెత్తు."

ఎత్తింది. టేపు వీపు వెనక నుంచి తిప్పి ముందుకి తెచ్చాను. వేళ్ళకి ఎముకలు ఒకటొకటిగా తగిలాయి, గుడ్డ కింద కుట్టు తగిలినట్టు. "చక్కిలిగింత బాబాయ్!" అని మెలికలు తిరిగింది. "కదలకు" అన్నాను. టేపు రెండు కొసలూ కలిశాయి. ఎంత త్వరగా కలిశాయో.

"చెప్పు" అన్నాడు అన్నయ్య, పెన్సిలు కాగితానికి ఆనించి.

నాలుక అలవాటుగా కదిలింది. ఎన్నేళ్ళ అలవాటు అది, నాన్న నేర్పింది, పుణ్యమని నేర్పింది. కలిపిన అంకె నోట్లోకి వచ్చి కూచుంది. అది చెబితే అన్నయ్య రాసుకుంటాడు, గౌను కోస్తాను, వదిన లోపలికి మడుస్తుంది, పిల్ల గిర్రున తిరుగుతుంది. ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు.

"చెప్పరా, ఆలస్యమవుతోంది."

గోడ మీద ఐదో అట్ట ఫాను గాలికి మేకు మీద కొంచెం కదులుతోంది. దాని మూలన నీలం రాత నేను కూచున్నచోటికి కనపడదు. కనపడక్కర్లేదు.

"ఇరవై మూడు" అన్నాను.

అన్నయ్య పెన్సిలు ఆగింది. "కలిపావా?"

మెషీన్ చప్పుడు కూడా ఆగింది.

"లేదన్నయ్యా" అన్నాను. టేపు అలాగే పట్టుకుని, అంకె అతనికి కనపడేలా పిల్లని మెల్లగా అతని వైపు తిప్పాను.